అంగడి చేసే పనులు లెక్కపెట్టిన తీర్పు

మా పిడుగురాళ్లలో సున్నం మంచిదో కాదో తేలాలంటే ఎవరి పూచీకత్తూ అక్కర్లేదు. బట్టీ నుంచి వచ్చిన గడ్డ మీద నీళ్లు పోస్తారు. బాగా కాలిన రాయయితే బుసకొడుతుంది, ఆవిర్లు చిమ్ముతుంది, చూస్తుండగానే పగిలి పొడైపోతుంది. సరిగ్గా కాలనిదైతే నడిమధ్య రాయి రాయిగానే మిగిలిపోతుంది. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ అక్కడే నిలబడి చూస్తారు గనుక పేచీ ఎక్కువసేపు నడవదు.

ఆన్‌లైన్ అంగట్లో అలా నీళ్లు పోసి చూసే చోటు లేదు. ఆ సంగతి నాకు మా బంధువుల అబ్బాయి వల్ల తెలిసింది. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టు నుంచి బిల్లుతో సరుకు తెచ్చి, పేరున్న ఒక కంపెనీ మిక్సీ జార్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుండేవాడు. ఒకరోజు పొద్దున లేచి చూసేసరికి లిస్టింగ్ లేదు. డూప్లికేట్ సరుకని ఫిర్యాదు వచ్చిందట. ఫిర్యాదు ఎవరిచ్చారు, ఏ జారు గురించి, దేన్ని బట్టి డూప్లికేట్ అన్నారు, ఏదీ అందులో లేదు. రావలసిన డబ్బు కూడా ఆగింది. బిల్లులు స్కాన్ చేసి పంపాడు. పంపిన ప్రతిసారీ అదే నాలుగు వాక్యాల జవాబు, అక్షరం మారకుండా. ‘బిల్లుంది కదా బాబాయ్, ఇంకేం చూపించాలి? దేనికి జవాబు చెప్పాలో కూడా చెప్పరేంటి?’ అన్నాడు నాతో.

నేను వకీలును కాను. తీర్పులు చదవడం మాత్రం నాకు చాలా ఏళ్ల అలవాటు. మంచి గోడకట్టు చూస్తే ఆగి చూసినట్టు, మంచి తీర్పు దొరికితే ఆగి చదువుతాను. వాడి ప్రశ్న పట్టుకుని వెతుక్కుంటూ పోతే ఢిల్లీ హైకోర్టు తీర్పులు రెండు దొరికాయి. ఒకటి 2018 నవంబరు 2న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ రాసింది, రెండోది 2020 జనవరి 31న జస్టిస్ ఎస్.మురళీధర్, జస్టిస్ తల్వంత్ సింగ్‌ల ధర్మాసనం ఇచ్చింది. రెండింటి దారులు వేరు. రెండోది మొదటిదాని ఆలోచనను చాలావరకు కాదంది కూడా. అయినా రెండింటి పనితనమూ నన్ను కట్టిపడేసింది. ఈ వ్యాసం ఆ పనితనం గురించే.

ముందు కాస్త నేపథ్యం. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టినదానికి చోటిచ్చినవాడు ఎంతవరకు బాధ్యుడు? మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్‌లో ఉంది. బాజీ అనే వేలం వెబ్‌సైట్‌లో ఎవరో ఒక అశ్లీల వీడియోను అమ్మకానికి పెడితే, 2004 డిసెంబరులో సంస్థ అధిపతినే అరెస్టు చేశారు. ఆ గొడవ తర్వాత పార్లమెంటు 79ని తిరగరాసింది. కొత్త రూపం 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. దాని సారం ఇది: మధ్యవర్తిగా ఉన్నవాడు తాను ఊరక చోటు మాత్రమే ఇచ్చి, తగినంత జాగ్రత్త పాటిస్తే, ఇతరులు పెట్టినదానికి బాధ్యుడు కాడు. కానీ తప్పు జరుగుతోందని తెలిశాక కూడా తీయకపోతే, లేదా ఆ తప్పులో తానూ చెయ్యి కలిపితే, ఆ రక్షణ పోతుంది.

ఈ సెక్షన్ మీద పెద్ద తగాదాల్లో ఒకటి మన దగ్గర పుట్టిందే. సికింద్రాబాద్‌కు చెందిన సిమెంటు రేకుల సంస్థ విశాక ఇండస్ట్రీస్, తమ పరువు తీసే రాతలు గూగుల్ గ్రూపులో వచ్చాయని 2008 నాటి రాతల మీద కేసు పెట్టింది. గూగుల్ తనను వదిలేయమని అడిగితే 2011 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు కూడా, సవరణకు ముందున్న పాత 79వ సెక్షన్ గూగుల్‌ను పరువునష్టం కేసు నుంచి కాపాడదనే తేల్చింది. అది సరుకుల తగాదా కాదు, మాటల తగాదా. కానీ చోటిచ్చినవాడి బాధ్యత ఎంత అన్న ప్రశ్న రెండింటికీ ఒకటే.

ఇక్కడే చిన్న అమ్మకందారుల కష్టానికి మూలం ఉంది. ఫిర్యాదు అందాక సరుకు తీయకపోతే రక్షణ పోతుందనే భయం వేదికకు ఉంటుంది. 2011 నాటి మధ్యవర్తుల నియమాలు ముప్పై ఆరు గంటల గడువు కూడా పెట్టాయి. తీసేస్తే మాత్రం వేదికకు పోయేదేమీ లేదు, పోయేది అమ్మేవాడికే. అందుకే ఫిర్యాదు రాగానే లిస్టింగ్ ఎగిరిపోతుంది. ఆ ఫిర్యాదు నిజమో కాదో చూసే తీరిక ఎవరికీ ఉండదు. నిజమైన నకిలీ వ్యాపారి ఇంకో పేరుతో ఇంకో అకౌంటు తెరుచుకుంటాడు. బిల్లుతో సరుకు తెచ్చినవాడు మాత్రం ఆ నాలుగు వాక్యాల జవాబు పట్టుకుని కూర్చుంటాడు.

ఇప్పుడు మొదటి తీర్పు. వాది ఫ్రెంచి చెప్పుల సంస్థ క్రిస్టియన్ లూబుటాన్. అడుగుభాగం ఎర్రగా ఉండే ఖరీదైన చెప్పులకు పేరున్న సంస్థ అది. ప్రతివాది డార్వీస్ అనే వెబ్‌సైటు. విదేశీ బ్రాండ్ల సరుకులు తమ దగ్గర దొరుకుతాయని, అవి అసలైనవేనని ఆ సైటు చెప్పుకునేది. లూబుటాన్ వాదన ఏమిటంటే, తమ పేరు, తమ బొమ్మలు వాడుకుంటూ అమ్ముతున్న ఈ సరుకు అసలైనదన్న నమ్మకం లేదు. డార్వీస్ జవాబు అందరికీ తెలిసిన జవాబే: మేం అమ్మం, అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య ఆర్డరు కుదుర్చుతాం, అంతే. మేం మధ్యవర్తులం.

ఈ చోట సాధారణంగా తీర్పులు నిర్వచనాల్లోకి దిగుతాయి. మధ్యవర్తి అంటే ఎవరు, చట్టంలో ఆ మాటకున్న అర్థమేమిటి, విదేశీ కోర్టులు ఏమన్నాయి అని. జస్టిస్ ప్రతిభా సింగ్ కూడా అవన్నీ చూశారు. అమెరికా, ఐరోపా తీర్పులను వరసగా చదివారు. కానీ తీర్పుకు వెన్నెముక అది కాదు. ఆవిడ చేసింది వేరే పని. ఆన్‌లైన్ అంగడి పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తుందో ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోయారు.

ఆ పట్టికలో ఇరవైకి పైగా పనులున్నాయి. అమ్మేవాడెవరో గుర్తించి ఆ వివరాలు చూపడం. సరుకు లిస్టింగ్ తయారుచేయడం. నాణ్యతకు, అసలుతనానికి హామీ ఇవ్వడం. సరుకు గోడౌన్‌లో దాచడం. కొన్నవాళ్ల అభిప్రాయాలు పెట్టించడం. కాల్ సెంటరు నడపడం. బిల్లు తయారుచేయడం. డబ్బు తీసుకోవడం, కమీషను పట్టుకుని మిగతాది అమ్మేవాడికి పంపడం. అసలు కంపెనీ ప్యాకింగు స్థానంలో తన ప్యాకింగు వేయడం. సరుకు రవాణా, ఇంటికి అందించడం, అందించే కుర్రాళ్లను పెట్టుకోవడం. తగ్గింపు ధరలు ప్రకటించడం. సభ్యులను చేర్చుకోవడం. ప్రకటనలు వేయడం. వెతికేవాళ్లకు తన సైటే ముందు కనపడేలా పేజీ లోపల బ్రాండ్ పేర్లు దాచి పెట్టడం.

ఈ పట్టిక మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పాలి. ఇందులో చట్టం మాట ఒక్కటీ లేదు. అన్నీ క్రియలే. పెట్టడం, తీయడం, కట్టడం, మోయడం, పుచ్చుకోవడం. మా ఊళ్లో మిరపకాయల కమీషను వ్యాపారికి చదివి వినిపిస్తే, ఇందులో నువ్వు చేసేవి ఎన్ని అని అడిగితే, వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతాడు. తీర్పు బలమంతా ఆ వేళ్ల లెక్కలోనే ఉంది. తాను మధ్యవర్తినని ఎవరైనా అనవచ్చు. ‘సరుకు నువ్వు కట్టావా, డబ్బు నువ్వు పుచ్చుకున్నావా’ అని అడిగితే ఔననో కాదనో చెప్పక తప్పదు.

పట్టిక తర్వాత ఆవిడ వేసిన అడుగు ఇంకా బాగుంది. ఇందులో ఒకటి చేస్తే రక్షణ పోతుందని అనలేదు. అన్నీ చేస్తేనే పోతుందనీ అనలేదు. ఇలాంటి పనులు చాలా ఎక్కువగా కనిపించినప్పుడు, ఆ వేదిక గీత దాటి అమ్మకంలో చురుకైన పాత్రధారి అయిందని అనుకోవచ్చన్నారు. రాయి ఎంత కాలిందో అంత సున్నం. ఎన్ని పనులంటే గీత దాటినట్టు అని అంకె చెప్పకపోవడం లోపమని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. అంకె చెబితే మరునాడే దానికి ఒకటి తక్కువ పనులు చేసే కంపెనీ పుట్టుకొస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఆఖరి ఆదేశాలు. డార్వీస్‌కు మధ్యవర్తి రక్షణ లేదని తేల్చారు. అంతదాకా వచ్చాక గట్టిగా కొట్టవచ్చు. కొట్టలేదు. నష్టపరిహారం వేయలేదు, సైటు మూసేయమనలేదు. ఇకముందు ఎలా నడవాలో చెప్పారు. అమ్మేవాళ్ల పూర్తి వివరాలు, చిరునామాలు సైటులో పెట్టాలి. సరుకు అసలైనదని అమ్మేవాళ్ల దగ్గర పత్రం తీసుకోవాలి. అమ్మేవాడు విదేశంలో ఉంటే, సరుకు అమ్మకానికి పెట్టేముందే లూబుటాన్‌కు తెలియజేసి దాని సమ్మతి తీసుకోవాలి. ఇక్కడివాడైతే, హామీ తప్పితే ఏమవుతుందో రాసుకున్న ఒప్పందం ఉండాలి. కంపెనీ ఇచ్చే వారంటీ వర్తించని సరుకు పెట్టకూడదు. పేజీ లోపల దాచిన లూబుటాన్ పేర్లు తీసేయాలి.

ఇందులోనే ఇంకో ఆదేశం ఉంది. నకిలీ సరుకని లూబుటాన్ ఫిర్యాదు చేస్తే, డార్వీస్ ఆ సంగతి అమ్మేవాడికి తెలపాలి. సరుకు అసలైనదని అమ్మేవాడు ఆధారం చూపలేకపోతే అప్పుడు లిస్టింగ్ తీసేయాలి, తీసినట్టు లూబుటాన్‌కు చెప్పాలి.

వరస గమనించండి. ముందు అడగాలి. తర్వాత ఆధారం చూడాలి. ఆ తర్వాత తీయాలి. అమ్మేవాడు ఈ దావాలో వాదించడానికి ముందుకొచ్చినవాడు కాదు. ఫ్రెంచి కంపెనీకీ ఢిల్లీ వెబ్‌సైటుకూ మధ్య తగాదా ఇది. అయినా న్యాయమూర్తి, అక్కడ లేని మూడోవాడికి ఒక కుర్చీ వేసి ఉంచారు. మా బంధువుల అబ్బాయి అడిగింది అదే కుర్చీ. పెద్ద బ్రాండ్‌కు అనుకూలంగా వచ్చిన తీర్పుగా దీన్ని చాలామంది చెప్పుకుంటారు. నేను మాత్రం ఆ ఒక్క ఆదేశం వల్ల దీన్ని చిన్న అమ్మకందారుడి తీర్పుగా కూడా చదువుతాను.

లోపాలు లేవని కాదు. పట్టికలో కొన్ని పనులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాణ్యత హామీ ఒకటికి రెండుసార్లు వచ్చినట్టుంటుంది. రవాణా, ఇంటికి అందించడం లాంటివి కూడా లెక్కలో వేస్తే, ఈ రోజుల్లో గీత దాటని పెద్ద వేదిక దొరకడం కష్టం. అప్పుడు పార్లమెంటు ఇచ్చిన రక్షణ ఎవరికోసం ఇచ్చినట్టు? ఈ ప్రశ్నకు ఆ తీర్పులో తృప్తికరమైన జవాబు నాకు దొరకలేదు. దొరికింది రెండో తీర్పులో.

ఆ రెండోది ఆంవే కేసు. ఆంవే పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. ఇంటింటికీ తిరిగి సభ్యులను చేర్పించే ఆ వ్యాపారం మీద 2007 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. 2014 మే నెలలో కర్నూలు పోలీసులు ఆ సంస్థ భారతదేశ అధిపతి విలియం పింక్నీని అరెస్టు చేసిన వార్త మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఆంవేయే ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. తమ సరుకులను తమ ఏజెంట్లు మాత్రమే అమ్మాలి, కానీ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్ లాంటి చోట్ల ఎవరెవరో అమ్ముతున్నారు, కోడ్‌లు చెరిపేసి, ధరలు మార్చి అమ్ముతున్నారు అని దాని ఫిర్యాదు. ఓరిఫ్లేమ్, మోడీకేర్ కూడా ఇలాంటి దావాలే వేశాయి. కోర్టు స్థానిక కమిషనర్లను గోడౌన్లకు పంపి సరుకు చూపించింది. 2019 జులై 8న జస్టిస్ ప్రతిభా సింగ్, ఆ సంస్థల అనుమతి లేనిదే వేదికల మీద ఆ సరుకు అమ్మకూడదని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. కేంద్రం 2016లో ఇచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ మార్గదర్శకాల్లో అలాంటి అనుమతి ఉండాలని ఉంది. ఆ ఉత్తర్వుకు అదొక ముఖ్యమైన ఆధారం.

దాదాపు ఏడు నెలల తర్వాత ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఇద్దరు న్యాయమూర్తుల్లో జస్టిస్ మురళీధర్‌కు ఈ నేల కొత్తది కాదు. 2004 నాటి బాజీ అధిపతి కేసు 2008 మే నెలలో ఢిల్లీ హైకోర్టుకు వచ్చినప్పుడు తీర్పు రాసింది ఆయనే. వేదిక బాధ్యత అన్న ప్రశ్నతో అప్పటికే దాదాపు పన్నెండేళ్ల పరిచయం ఆయనది. ఆ అనుభవం ఈ తీర్పు ఎత్తుగడలోనే కనిపిస్తుంది.

తాపీమేస్త్రి గోడ పడగొట్టేముందు పునాది ఎక్కడుందో చూస్తాడు. ధర్మాసనం మొదట చూసింది దావా కాగితాలను. వాళ్లు అసలు అడిగిందేమిటి? ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన జరిగిందని ఈ దావాల్లో ఎక్కడా చెప్పలేదు. అలాంటప్పుడు ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం తమకున్న రక్షణలు చెప్పుకునే అవకాశం అమ్మేవాళ్లకు ఏది? అడగని ప్రశ్నకు జవాబివ్వడం న్యాయం కాదన్నది ధర్మాసనం. ఎంత చిన్న విషయం! ఎంత పెద్ద ఫలితం! మొదటి తీర్పు పనుల లెక్కతో గెలిస్తే, రెండోది అడిగినదాని లెక్కతో గెలిచింది.

తర్వాత 2016 మార్గదర్శకాల సంగతి. అవి ప్రభుత్వం ఇచ్చిన సలహాలే గానీ చట్టం కావంది. చట్టం కానిదాన్ని పట్టుకుని, ఆంవేతో ఏ ఒప్పందమూ లేని అమ్మకందారుడిని కట్టేయడం కుదరదు. ఏజెంటు తన ఒప్పందం తప్పితే అది ఆ కంపెనీకీ ఆ ఏజెంటుకూ మధ్య వ్యవహారం. ఆ ఏజెంటు దగ్గర డబ్బిచ్చి కొన్నవాడి మెడకు ఆ తాడు చుట్టుకోదు.

మూడోది, అమ్మేసిన వస్తువు మీద కంపెనీకి ఎంత హక్కు మిగులుతుందన్న ప్రశ్న. ట్రేడ్‌మార్క్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం, హక్కుదారు ఒకసారి మార్కెట్లో పెట్టిన సరుకును న్యాయంగా కొన్నవాడు తిరిగి అమ్మితే అది ఉల్లంఘన కాదు. కానీ ఆ సరుకు స్థితి మార్చినా, పాడుచేసినా కంపెనీ అడ్డు చెప్పవచ్చు. 2012 అక్టోబరు 3న శామ్‌సంగ్ ప్రింటర్ల కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దీన్ని ఇంకా విడమరిచింది: విదేశంలో న్యాయంగా కొన్న అసలు సరుకును ఇక్కడికి తెచ్చి అమ్మవచ్చు, అయితే ఇది దిగుమతి సరుకు, దీనికి శామ్‌సంగ్ వారంటీ లేదు అని కొట్లో కనపడేలా రాసి పెట్టాలి. బిల్లుతో జార్లు తెచ్చే మా అబ్బాయికి చట్టంలో ఉన్న గట్టి నేల ఇదే. నకిలీ వేరు, కంపెనీకి ఇష్టంలేని చోట అమ్ముడయ్యే అసలు సరుకు వేరు. ఫిర్యాదుల్లో ఈ రెంటినీ ఒకే గంపలో వేస్తున్నారు.

నాలుగోది అసలు గుండె. రక్షణకు చురుకైన వేదిక, చురుకులేని వేదిక అనే తేడా 79వ సెక్షన్‌లో లేదని ధర్మాసనం చెప్పింది. ఇందులో, మైస్పేస్ అనే వెబ్‌సైట్ కేసులో 2016 డిసెంబరు 23న వచ్చిన తీర్పు దారి చూపింది. అక్కడ జస్టిస్ రవీంద్ర భట్ ధర్మాసనం, సెక్షన్‌లోని ఒక ‘లేదా’ను పట్టుకుంది. మొదటి షరతు లేదా రెండో షరతు, వాటితోపాటు జాగ్రత్త అనే మూడో షరతు. రెండిట్లో ఒకటి చాలు. ఒక్క ‘లేదా’ మీద ఇంత బరువు మోపి నిలబెట్టడం చూస్తే, పాత ఇళ్లలో ఒక్క దూలం మీద మిద్దె నిలిపిన వడ్రంగి గుర్తొస్తాడు. ప్యాకింగు, రవాణా లాంటి అదనపు సేవలు చేసినంత మాత్రాన వేదిక రక్షణ పోదని ఆంవే ధర్మాసనం తేల్చింది. సీళ్లు మార్చారా, కోడ్‌లు చెరిపారా అన్నది సాక్ష్యాలతో విచారణలో తేలవలసిన విషయమంది.

మరి ఎవరిది గొప్ప పని? నన్నడిగితే, అంగడి లోపలికి తీసుకెళ్లి చూపించింది మొదటి తీర్పు. అంగడి బయట నిలబడ్డవాడి హక్కు చెప్పింది రెండోది. చట్టం చదవడంలో రెండోది బిగువుగా ఉంది. లోకం చూడడంలో మొదటిది లోతుగా ఉంది. రెండింట్లోనూ ఓడినవాడు తీర్పు చదివి, తాను ఎక్కడ ఓడాడో వేలు పెట్టి చూపించగలడు. ఆ నాలుగు వాక్యాల జవాబులో లేనిది ఇదే.

ఇలాంటి తగాదా మనకొక్కళ్లకే కాదు. అమెరికాలో టిఫనీ నగల సంస్థ ఈబే మీద వేసిన కేసులో 2010 ఏప్రిల్ 1న అప్పీలు కోర్టు, నకిలీలు ఎక్కడో ఉన్నాయన్న సాధారణ ఎరుక సరిపోదు, ఫలానా లిస్టింగ్ నకిలీ అని తెలిసి ఉండాలి అంది. 2011 జులై 12న ఐరోపా న్యాయస్థానం లోరియల్ కేసులో, అమ్మకానికి చురుగ్గా సాయం చేసిన వేదికకు రక్షణ ఉండదంది. మన రెండు తీర్పులూ ఆ రెండు దారుల నడుమ నడిచినవే.

మూడో కాగితం ఒకటుంది, చిన్నది. దాన్ని దాటి పోవడం నాకు ఇష్టం లేదు. ‘వీ ట్రెడిషన్’ పేరుతో బట్టలు అమ్మే ఒక వ్యాపారి 2022లో ఫ్లిప్‌కార్ట్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. ఆయన పెట్టిన లిస్టింగ్‌కు, ఆయన తీయించుకున్న ఫొటోలకు, వేరే అమ్మకందారులు తమ సరుకును అతికించుకుంటున్నారు. వేదికే అలా అతుక్కునే వీలు కల్పించింది. కొనేవాళ్లు ఈయన బట్టల బొమ్మ చూసి ఆర్డరు పెడితే, వెళ్లేది ఇంకొకడి సరుకు. ఆగస్టులో జస్టిస్ ప్రతిభా సింగే ఇచ్చిన ఉత్తర్వులో, ఇది ఇంకొకడి వీపు మీద స్వారీ చేయడమేనని, పాతకాలం నుంచి చట్టం ఎరిగిన మోసానికే కొత్త రూపమని గుర్తించారు. ఆ వ్యాపారి లిస్టింగుల మీద అలా అతుక్కునే వీలు లేకుండా చేయమన్నారు. కొత్త సాంకేతిక మాటలకు బెదరకుండా, ‘ఇది ఊళ్లో ఏ మోసంలాంటిది’ అని అడిగే చూపు అందులో ఉంది. పక్క కొట్టువాడి బోర్డు కింద నిలబడి తన సరుకు అమ్మడం ఏ ఊళ్లోనైనా మోసమే.

అప్పటికే, 2020 జులై 23న, కేంద్రం ఈ-కామర్స్ నియమాలు తెచ్చింది. అమ్మేవాడి పేరు, చిరునామా, ఫోను కనపడేలా పెట్టాలి. సరుకు బొమ్మ, వివరణ నిజమైన సరుకుతో సరిపోతాయని అమ్మేవాడి దగ్గర రాయించుకోవాలి. ఫిర్యాదు అందినట్టు నలభై ఎనిమిది గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. పదేపదే సరుకు తొలగింపుకు గురైన అమ్మకందారుల లెక్క ఉంచాలి. లూబుటాన్ ఆదేశాల పోలిక ఈ నియమాల్లో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆ ఒక్క ఆదేశం, ముందు అమ్మేవాడిని అడగాలన్నది, ఇంత తేటగా నియమాల్లోకి రాలేదు. రావాలి.

కథ అక్కడితో ఆగలేదు. 2025 ఫిబ్రవరి 25న, బెవర్లీ హిల్స్ పోలో క్లబ్ గుర్తు కేసులో జస్టిస్ ప్రతిభా సింగే అమెజాన్ టెక్నాలజీస్ మీద నష్టపరిహారం, ఖర్చులు కలిపి 339 కోట్ల రూపాయలు వేశారు. జులై 1న ధర్మాసనం దాని అమలును నిలిపివేసింది. పెద్ద బ్రాండ్లకు, పెద్ద వేదికలకు మంచి వకీళ్లుంటారు. వాళ్ల వాదన వాళ్లు వినిపించుకుంటారు.

నా మనసు చిన్నవాళ్ల దగ్గరే ఆగుతుంది. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరుతో ఇంకెక్కడి కారమో అమ్మినా నష్టపోయేది పల్నాడు రైతే. పొరపాటు ఫిర్యాదుతో నిజమైన గుంటూరు కారం లిస్టింగ్ ఎగిరిపోయినా నష్టపోయేది మళ్లీ ఆ చుట్టుపక్కలవాళ్లే. నకిలీని ఆపడమూ, అసలువాణ్ణి అడగడమూ రెండూ కావాలి. రెండూ ఎలా కుదురుతాయో ఈ తీర్పులు చేసి చూపించాయి.

నరసరావుపేట, గుంటూరు వకీలు మిత్రులకు నా విన్నపం ఒకటి. ఈ తీర్పులు ఇంగ్లీషులో ఉన్నాయి, హైకోర్టు సైటులో ఉచితంగా దొరుకుతాయి. పూర్తిగా తెలుగు చేయడం పెద్ద పనే. లూబుటాన్ తీర్పులోని పనుల పట్టిక, ఆఖరి ఆదేశాలు, ఆంవే తీర్పులో 30వ సెక్షన్ గురించిన భాగం, ఈ మూడూ చేసినా చాలు, పట్టుమని ఇరవై పేజీలుండవు. చేసిపెట్టండి. బిల్లులు పట్టుకుని తిరుగుతున్న పిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు, ముందు వాళ్లకిస్తాను.